గచ్చిబౌలికి వెళ్ళే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

ప్రతి సంవత్సరం పరీక్షల ఫలితాలు వచ్చాక మన హాస్టల్ నుంచి కొందరు ట్రంకు పెట్టె ఇంటి దగ్గర దించేసి, ఒక బ్యాగు భుజాన వేసుకుని హైదరాబాదు బస్సు ఎక్కుతారు. పటాన్‌చెరు దాటి లింగంపల్లిలో దిగి, "గచ్చిబౌలికి ఏ బస్సు పోతది అన్నా?" అని ఎవరినో అడుగుతారు. నేను కూడా 2006 జూన్‌లో అలాగే అడిగాను. ఆ సంవత్సరం మా బ్యాచ్ నుంచి ఏడుగురం నగరానికి వచ్చాం. దసరా నాటికి ముగ్గురమే మిగిలాం. తిరిగి వెళ్ళిపోయిన నలుగురూ చదువులో మాకంటే తక్కువవారేమీ కాదు. వారిలో ఒకడు పదో తరగతిలో హాస్టల్ ఫస్టు. చేతిలో డబ్బులు అయిపోయాయి, జ్వరం వచ్చింది, ఎవరిని అడగాలో తెలియలేదు. అంతే, ఊరికి వెళ్ళిపోయాడు.

హాస్టల్‌లో ఉన్నన్నాళ్ళు గంట కొడితే పళ్ళెం పట్టుకుని లైనులో నిలబడేవాళ్ళం. నోటు పుస్తకాలు, దుప్పటి, సబ్బులకు డబ్బులు, జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళే వార్డెన్ సార్, ఇవన్నీ మనం అడగకుండానే అందేవి. టీసీ చేతికి వచ్చిన రోజుతో అవన్నీ ఆగిపోతాయి. నగరంలో కూడా ఇలాంటి సహాయం దొరుకుతుంది. కానీ అక్కడ గంట కొట్టి పిలిచేవారు ఉండరు. ఎక్కడ ఉందో తెలుసుకుని మనమే వెళ్ళాలి. అలాంటి అన్నశాలలు, అంగళ్ళు, పాత చర్చిలు, గ్రంథాలయాలు, సేవా సంస్థలు ఎలా పుట్టాయో, ఎలా పనిచేస్తాయో మన వార్షికోత్సవ సంచిక పాఠకులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గచ్చిబౌలి కొత్త ఊరు

గచ్చిబౌలి పేరు వినగానే మనకు అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. ముప్పై ఏళ్ళ క్రితం ఇక్కడ బండరాళ్ళు, పొలాలు, చెరువులు, చిన్న చిన్న ఊళ్ళు ఉండేవి. 1974లో ఆరు సూత్రాల పథకం ఫలితంగా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడి, ఈ ప్రాంతంలో సుమారు 2,300 ఎకరాలలో స్థిరపడింది. 1998లో ట్రిపుల్ ఐటీ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చాయి. అదే సంవత్సరం నవంబరు 22న పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించారు. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తెరిచారు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలకు గచ్చిబౌలి స్టేడియం వేదిక అయింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ హైదరాబాద్ మహానగరపాలక సంస్థలో కలిసింది.

అంటే నగరంగా గచ్చిబౌలి వయసు పాతికేళ్ళు దాటి కొంచెం. ధర్మాసుపత్రులు, అనాథాశ్రమాలు, గ్రంథాలయాలు, నూరేళ్ళ చర్చిలు ఒక తరంలో పుట్టేవి కావు. తరతరాలుగా జనం కాపురం ఉన్న చోటనే అవి పెరుగుతాయి. అందుకే గచ్చిబౌలిలో కంపెనీలు, మాల్స్, కార్పొరేట్ ఆస్పత్రులు ఎక్కువగా కనిపిస్తాయి. మనలాంటివారికి అక్కరకు వచ్చే పాత సంస్థలు మాత్రం చాలా వరకు నాంపల్లి, ఆబిడ్స్, కోఠి, అఫ్జల్‌గంజ్, సికింద్రాబాదులలో ఉన్నాయి. కొత్తగా వచ్చినవారు గది నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి గదికి తిరిగి, నగరమంటే ఇంతే అనుకుంటారు. అదే మొదటి పొరపాటు.

దారి కష్టం కాదు. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు లింగంపల్లి, హైటెక్ సిటీ స్టేషన్ల నుంచి నాంపల్లికి, సికింద్రాబాదుకు తక్కువ టికెట్టుతో తీసుకెళ్తాయి. 2019 నవంబరు నుంచి రాయదుర్గం వరకు మెట్రో వచ్చింది. చెల్లెళ్ళకు 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు.

తిండి, గది, సామాను

మొదటి నెలలో మనిషిని ఊరికి తరిమేది ఆకలి. రోజుకు మూడు పూటలూ హోటల్లో తింటే తెచ్చుకున్న డబ్బు పదిహేను రోజులు కూడా రాదు.

2014 మార్చిలో నగరపాలక సంస్థ, హరే కృష్ణ మూవ్‌మెంట్ సంస్థతో కలిసి రూ.5/- భోజనం మొదలుపెట్టింది. మొదటి కేంద్రాలలో నాంపల్లి సరాయి ఒకటి. ఇది ఎలా నడుస్తుందంటే, ఒకేచోట పెద్ద వంటశాలలో వండి, వేడి తగ్గని డబ్బాల్లో వ్యానులో కేంద్రాలకు పంపుతారు. అన్నం, పప్పు లేదా సాంబారు, కూర, పచ్చడి ఉంటాయి. మనం ఇచ్చేది ఐదు రూపాయలు. మిగతా ఖర్చు కార్పొరేషన్ భరిస్తుంది. అందుకే అది బిచ్చం కాదు, పన్నుల డబ్బుతో నడిచే ప్రజల భోజనం. 2025లో వీటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, ఉదయం టిఫిన్ కూడా మొదలుపెట్టారు. తెచ్చిన అన్నం అయిపోతే మళ్ళీ రాదు కాబట్టి మధ్యాహ్నం త్వరగా వెళ్ళాలి. ఆ లైనులో ఆటో డ్రైవర్లు, అడ్డా కూలీలు, ఆస్పత్రికి వచ్చిన రోగుల బంధువులు, కోచింగ్ విద్యార్థులు అందరూ ఉంటారు. మొదటి రోజు నేను తల వంచుకుని తిన్నాను. నా పక్కన నిలబడి తిన్న పెద్దాయన "ఇంకింత ఏయించుకో బిడ్డా" అన్నాక ఆ సిగ్గు పోయింది.

గురుద్వారాల్లో లంగర్ గురించి కూడా తెలుసుకోవాలి. గౌలిగూడ, అమీర్‌పేట గురుద్వారాలు నగరవాసులందరికీ తెలిసినవే. చెప్పులు విడిచి, చేతులు కాళ్ళు కడుక్కుని, తలపై గుడ్డ కప్పుకుని నేల మీద వరుసలో కూర్చుంటే చాలు. ఏ కులం, ఏ మతం అని అడగరు. పెద్దా చిన్నా తేడా లేకుండా ఒకే బంతిలో కూర్చోవడమే లంగర్‌లోని అసలు నియమం. మన హాస్టల్ బంతి భోజనాలు గుర్తుకొస్తాయి. తిన్నాక వీలైతే గిన్నెలు కడగడంలో ఒక చేయి వేయండి. అక్కడ అది మర్యాద.

ఇక గల్లీ చివర ఉండే ఇడ్లీ బండి, కిరాణా కొట్టు కూడా ఒక రకంగా సేవా సంస్థలే. నేను ఉన్న గల్లీలో ఇడ్లీ బండి నడిపే అక్క నాకు రెండు నెలలు ఖాతా పెట్టింది. నోటు పుస్తకంలో నా పేరు తెలియక "మెదక్ పిలగాడు" అని రాసుకుంది. మొదటి జీతం వచ్చిన రోజు ముందు ఆమె బాకీ తీర్చి, తర్వాతే ఇంటికి డబ్బు పంపాను. ఖాతా అంటే నమ్మకం. ఒక్కరు ఎగ్గొట్టి పోతే తర్వాత వచ్చే పది మందికి ఆ తలుపు మూసుకుపోతుంది. ఇది ప్రతి తమ్ముడూ గుర్తుపెట్టుకోవాలి.

నలుగురు కలిసి గదిలో వండుకునేవారికి రైతు బజార్లు ఉపయోగం. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి ప్రారంభమయ్యాయి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవడం వీటి పద్ధతి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరంలో మోసం ఉండదు. గచ్చిబౌలి వైపు ఉండేవారికి కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహిదీపట్నం రైతు బజార్లు అందుబాటులో ఉంటాయి. బకెట్, స్టవ్వు, ఫ్యాను, పాత మంచం వంటివి కొనాలంటే ఎర్రగడ్డలో ఆదివారం జరిగే అంగడికి వెళ్ళండి. సగం ధరకే దొరుకుతాయి. ఫ్యాను కొనేముందు ఒకసారి తిప్పి చూపించమనండి.

గది విషయంలో ఒక్క మాట. ప్రైవేటు హాస్టళ్ళలో అడ్వాన్సు ఇచ్చేముందు, ఖాళీ చేసేటప్పుడు ఎంత తిరిగి ఇస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో అడిగి రసీదు మీద రాయించుకోండి. నోటి మాట చెల్లదు.

పాత చర్చిలు – సిపాయిల నుంచి ప్రజల దాకా

మన మెదక్ చర్చిని చూడనివారు మన హాస్టల్‌లో ఉండరు. ఎక్స్‌కర్షన్‌కు మొదట తీసుకెళ్ళేది అక్కడికే. ఆ చర్చి కథలోనే నగరంలోని చర్చిల కథ కూడా ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1890లలో సికింద్రాబాదు వచ్చినప్పుడు ఆయన పని తిరుమలగిరి బ్రిటిష్ సిపాయిల మధ్య. ఆ పని తృప్తి ఇవ్వక పల్లెలకు బయలుదేరి మెదక్ చేరారు. కరువు కాలంలో ఊరికే పంచిపెట్టకుండా, చర్చి కట్టడంలో పని కల్పించి అన్నం పెట్టారు. సుమారు పదేళ్ళు సాగిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. 2024 క్రిస్మస్‌కు నూరేళ్ళు నిండాయి. పని చేసి తిన్నారు కాబట్టి ఆ కూలీల మనవలు ఈనాటికీ "మా తాతలు కట్టిన చర్చి" అని చెప్పుకుంటారు. సహాయం ఎలా చేయాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మనకు దగ్గరలో లేదు.

పాస్నెట్ దొర వదిలి వచ్చిన ఆ సిపాయిల చర్చిలు ఇప్పటికీ సికింద్రాబాదులో ఉన్నాయి. 1798లో నిజాంకూ ఇంగ్లీషు కంపెనీకీ జరిగిన ఒప్పందం వల్ల కంపెనీ సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన మకాం వేసింది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఆ ప్రాంతానికి సికింద్రాబాదు అని పేరు వచ్చింది. ఆ సైనికుల కోసం 1813లో సెయింట్ జాన్స్ చర్చి కట్టారు. 1847లో బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి వచ్చింది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి భారతదేశం వచ్చినప్పుడు తన పెళ్ళిరోజున ఆ చర్చిలోనే ప్రార్థన చేశారు. 1850లో పూర్తయిన సెయింట్ మేరీస్ చర్చికి 2008లో బసిలికా హోదా లభించింది.

మొదట దొరలకు, సిపాయిలకు మాత్రమే ఉన్న ఈ ఆవరణలు క్రమంగా స్థానికులకు తెరుచుకున్నాయి. ఆబిడ్స్‌లో 1834లో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, గన్‌ఫౌండ్రీలో 1855లో ఆల్ సెయింట్స్ స్కూలు మొదలయ్యాయి. ఆల్ సెయింట్స్ పక్కనే ఉన్న సెయింట్ జోసెఫ్స్ కథెడ్రల్‌కు 1870లో పునాది రాయి వేశారు. 1875 క్రిస్మస్ నాటికి ప్రార్థనలు ప్రారంభమయ్యాయి. 1947 సెప్టెంబరు 27న వేర్వేరు ప్రొటెస్టెంటు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక, పల్లెల నుంచి వచ్చిన తెలుగువారు సంఘ నిర్వహణలో పెద్ద పాత్ర పోషించసాగారు. ఇప్పుడు సెయింట్ మేరీస్‌లో ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషల్లో వేర్వేరు వేళల్లో ప్రార్థనలు జరుగుతాయి.

ఈ చర్చిలు నగరవాసులకు చేసే సహాయం ఎలా ఉంటుంది? కథోలిక చర్చిలలో సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ అనే సేవా సంఘం ఉంటుంది. 1833లో పారిస్‌లో ఒజనాం అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి తన మిత్రులతో కలిసి దీన్ని మొదలుపెట్టాడు. సంఘం సభ్యులు పేదల ఇంటికి స్వయంగా వెళ్ళి పరిస్థితి చూసి, బియ్యమో, ఫీజో, మందులో అందిస్తారు. ఆఫీసులో దరఖాస్తు పెట్టించుకోవడం కాదు, గడప దాకా వెళ్ళడం వారి పద్ధతి. ప్రొటెస్టెంటు చర్చిలలో పాస్టరుగారి ద్వారా, స్త్రీల మైత్రి ద్వారా, యువజన సంఘం ద్వారా సహాయం నడుస్తుంది. అవసరం ఉన్నవారు ప్రార్థన అయ్యాక చర్చి ఆఫీసులో పెద్దలను కలిసి విషయం చెప్పవచ్చు.

ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. చర్చి తలుపు అందరికీ తెరిచే ఉంటుంది గాని, పేరున్న మిషన్ స్కూళ్ళన్నిటిలో ఫీజులు పేదలకు అందేలా లేవు. రాయితీ ఉంటుందేమో అడిగి తెలుసుకోవాలి. అడగకుండా నిరాశ పడవద్దు, అడిగితే తప్పక ఇస్తారనీ అనుకోవద్దు. ఇంకొకటి. గుడి గాని, చర్చి గాని, మసీదు గాని, గురుద్వారా గాని, సహాయం చేసి దానికి బదులుగా మన విశ్వాసాన్ని మార్చుకోమంటే నమస్కారం పెట్టి బయటకు రావచ్చు. షరతు లేనిదే సహాయం.

హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనిగారి జీవితం మన హాస్టల్ విద్యార్థులు తెలుసుకోదగినది. కర్నూలు జిల్లాలోని పేద దళిత కుటుంబంలో పుట్టిన ఆయన చదువు పేదరికం వల్ల ఏడో తరగతితో ఆగిపోయింది. మిషనరీలు కడపకు తీసుకెళ్ళి మళ్ళీ చదివించారు. 2020లో హైదరాబాదు ఆర్చ్‌బిషప్‌గా నియమితులై, 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. ఆగిపోయిన చదువును సరైన సమయంలో ఎవరో ఒకరు నిలబెడితే ఏమవుతుందో ఇది చెబుతుంది.

చదువుకోవడానికి చోటు, పుస్తకాలు

గదిలో నలుగురు ఉంటే చదువు సాగదు. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవారికి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ రెండో హాస్టల్ లాంటిది. ఉదయం తలుపులు తీయకముందే లైను కడతారు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టింది. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు స్థాపించారు. రాజ్యంలో తెలుగుకు చోటు లేని కాలంలో అది తెలుగువారి మొదటి ఇల్లయింది.

పుస్తకాలు కొనాలంటే కోఠిలోని పాత పుస్తకాల అంగళ్ళు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ బజారు మనకు సరిపోతాయి. మూసిన దుకాణాల ముందు పుస్తకాలు పరుస్తారు. చదవడం అయ్యాక చాలా అంగళ్ళు తక్కువ ధరకు తిరిగి కొంటాయి. కాబట్టి పుస్తకం పాడుచేయకుండా చదివితే అద్దెకు తెచ్చుకున్నట్టే. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మంచి పుస్తకాలను తెలుగులో తక్కువ ధరకు అందించింది. సాహిత్యం మీద ఆసక్తి ఉన్నవారు తప్పక చూడాలి.

మనకంటే ముందు దారి వేసినవారు

సేవ అంటే ధనవంతులు చేసేదే అని చాలామంది అనుకుంటారు. మన నగర చరిత్ర అలా చెప్పడం లేదు. మాదరి భాగ్యరెడ్డి వర్మ 1888లో హైదరాబాదులో పేద దళిత కుటుంబంలో జన్మించారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. 1910లో ఇసామియా బజార్‌లో అంటరానివారి పిల్లల కోసం బడి పెట్టారు. తర్వాత నగరంలో అలాంటి బడులు అనేకం నడిపారు. 1911లో మన్య సంఘం ఏర్పరచి జోగిని దురాచారానికి, తాగుడుకు వ్యతిరేకంగా పనిచేశారు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించారు. ఈ నాటి సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు ప్రభుత్వ ఉత్తర్వుతో ఒక్కరోజులో పుట్టలేదు. చందాలు వేసుకుని బడులు నడిపిన ఇలాంటివారి కష్టం వాటి వెనుక ఉంది.

గచ్చిబౌలికి నేరుగా సంబంధం ఉన్న ఉదాహరణ కూడా ఒకటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన శాంతా సిన్హాగారు, 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేశారు. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికుల కిందే లెక్క అన్నది వారి సూత్రం. జీతాలకు కుదిరిన పిల్లలను విడిపించి, కొన్ని నెలలు శిబిరంలో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చేవారు. అలా చేరిన పిల్లలకు సంక్షేమ హాస్టళ్ళే నీడనిచ్చాయి. 2003లో శాంతా సిన్హాగారికి మెగసెసె పురస్కారం లభించింది. మా బ్యాచ్‌లో కూడా పశువులు కాసి, శిబిరంలో చదివి, ఆరో తరగతిలో మాతో చేరిన మిత్రుడు ఉన్నాడు. నగరంలో మిగిలిన ముగ్గురిలో వాడొకడు.

గచ్చిబౌలికి ఎక్కువ దూరం లేని కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం ఉంది. తర్వాత హైదరాబాదు మేయరు అయిన రాణి కుముదినీ దేవిగారు 1958లో కుష్ఠురోగుల కోసం దీన్ని స్థాపించారు. ఇంటివారే వెలివేసిన రోజుల్లో వారికి వైద్యం, నివాసం, పని చూపించిన చోటు అది.

జ్వరం వస్తే ఎక్కడికి

మా మిత్రుడిని ఊరికి పంపినది జ్వరం అని మొదట్లో చెప్పాను. వాడు గదిలో వారం రోజులు పడుకున్నాడు. చివరికి ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేతిలో ఉన్నదంతా అయిపోయింది. ఇప్పుడు ఆ పరిస్థితి రానక్కరలేదు. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. డాక్టరు చూడటం, మందులు, మామూలు రక్తపరీక్షలు ఉచితం. గచ్చిబౌలి పక్కనే కొండాపూర్‌లో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. పెద్ద జబ్బులకు ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. నిమ్స్ ఒకప్పుడు నిజాం ధర్మనిధితో మొదలైన ఎముకల ఆస్పత్రి. ఒక దానం ఎంతకాలం బతుకుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అత్యవసరమైతే 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ఉండనే ఉంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఇంటి రేషను కార్డు నకలు ఒకటి మీ సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకోండి.

మోసపోతే ఏం చేయాలి

2006లో నేను చేసిన తప్పు చెబుతాను. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వారు ఉద్యోగం గ్యారంటీ అని నా దగ్గర ఎనిమిది వేలు తీసుకున్నారు. అమ్మ మేకలు అమ్మి ఇచ్చిన డబ్బు అది. నెల తర్వాత వెళ్ళి చూస్తే తాళం. నేను ఎవరికీ చెప్పలేదు, కేసు పెట్టలేదు. పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలంటే భయం, వకీలుకు డబ్బులేదు. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతున్నదని నాకు అప్పుడు తెలియదు. ఇతరులకు ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో డబ్బు పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఉద్యోగం ఇచ్చేవాడు మనకు జీతం ఇస్తాడు, మన దగ్గర డబ్బు తీసుకోడు. ఈ ఒక్క మాట గుర్తున్నా నా ఎనిమిది వేలు దండగ కానట్టే.

చివరిగా

ఇన్ని తలుపులు ఉన్నా మా మిత్రులు నలుగురు ఎందుకు వెళ్ళిపోయారు? ఆ రోజుల్లో ఇందులో కొన్ని లేవన్నది నిజం. రూ.5/- భోజనం లేదు, బస్తీ దవాఖానా లేదు. కానీ లంగర్ ఉంది, లైబ్రరీ ఉంది, చర్చి ఉంది, ఉచిత న్యాయ సహాయం ఉంది, పెద్దాస్పత్రి ఉంది. మాకు చెప్పేవారు లేరు. అడగడానికి మాకు నోరు రాలేదు. హాస్టల్ నుంచి వచ్చామని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడ్డాం. పదో తరగతిలో హాస్టల్ ఫస్టు వచ్చిన మా మిత్రుడు ఇప్పుడు ఊళ్ళో ట్రాక్టర్ నడుపుతున్నాడు. కష్టపడి బతుకుతున్నాడు, అందులో తప్పేమీ లేదు. కానీ వాడు చదవాలనుకున్నది వేరు.

అందుకే పూర్వ విద్యార్థులకు నాదొక విన్నపం. నగరంలో ఉంటున్న మనమందరం మన పేరు, ఉండే చోటు, చేసే పని ఒక రిజిస్టరులో రాసి వార్డెన్ సార్ దగ్గర ఉంచుదాం. టీసీ తీసుకునే ప్రతి విద్యార్థికి అందులో నుంచి ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి ఇవ్వమని కోరుదాం. మొదటి నెలలో వారానికి ఒకసారి ఆ తమ్ముడికో, చెల్లెలికో మనమే ఫోన్ చేసి "తిన్నావా?" అని అడుగుదాం. దీనికి డబ్బు ఖర్చు లేదు.

ఇక బయలుదేరబోతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, గచ్చిబౌలి మేడలు చూసి భయపడకండి. ఆకలైతే, జ్వరమొస్తే, మోసపోతే ఒక్కరే గదిలో కూర్చోకండి. బయటకు వచ్చి అడగండి. లింగంపల్లిలో దిగగానే ముందు మాకు ఫోన్ చేయండి.